అమెరికా కాసినోలో కోసిన పన్నును బరంపురంలో రాబట్టుకోవడం

పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలను ఏదో ఒక వారాంతం లాస్ వేగస్ తీసుకెళ్తారు. సరదాకి మీట నొక్కిన స్లాట్ మెషిన్‌లో 5,000 డాలర్ల జాక్‌పాట్ తగులుతుంది. కాసినో మనిషి వచ్చి పాస్‌పోర్టు అడిగి, 1,500 డాలర్లు పట్టుకుని, చేతిలో 3,500 పెడతాడు. ఆ 1,500 వెనక్కి వస్తుందా? వస్తే ఎక్కడి నుంచి? బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఉండి ఇండియాలో రిటర్ను వేసేవాళ్లకు ఉపయోగపడేలా రాసిన వివరాలివి.

ముందుగా తేల్చుకోవాల్సిన సంగతి: ఇండియాలో పన్ను నివాసి (పన్ను చట్టం లెక్కలో ఇక్కడ ఉండేవాళ్లు) అయిన మనిషికి ఆ 30 శాతాన్ని అమెరికా తిరిగి ఇవ్వదు. మీ చేతికి చెక్కు రాదు. ఇక్కడ అదే గెలుపు మీద మీరు కట్టాల్సిన పన్నులోంచి ఆ మొత్తాన్ని తగ్గించుకోవచ్చు. రాబట్టుకోవడమంటే ఇంతే, కానీ ఇది చిన్న సంగతి కాదు. తగ్గించుకోకపోతే ఒకే డబ్బు మీద అక్కడ 30, ఇక్కడ 31.2 శాతం కడతారు. గెలిచినదాంట్లో మిగిలేది 40 శాతం కూడా ఉండదు.

"అమెరికా కాసినో టాక్స్ రీఫండ్ ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం మాకు" అనే ఏజెంట్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది బ్రిటన్, జర్మనీ, జపాన్, ఐర్లాండ్, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో ఉండేవాళ్లకు నిజమే. ఆ దేశాలు అమెరికాతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం జూదపు గెలుపు మీద అమెరికా పన్ను పట్టకూడదు. కెనడా వాళ్లు తమ నష్టాలు చూపించి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. 1989లో ఇండియా, అమెరికా చేసుకున్న ఒప్పందంలో ఆ వెసులుబాటు లేదు. అందులో "ఇతర ఆదాయం" గురించి చెప్పే 23వ ఆర్టికల్, ఆదాయం పుట్టిన దేశం కూడా పన్ను వేయవచ్చని తేల్చేసింది. మనకు పనికొచ్చేది ఒకే ఆదాయానికి రెండుచోట్ల పన్ను పడకుండా చూసే 25వ ఆర్టికల్. కాబట్టి అలాంటి ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి.

కాసినోలో ఉండగానే చేయాల్సినవి

ఇక్కడ జరిగే పనికి పునాది అక్కడ తీసుకున్న కాగితం. ఆ కాగితం పేరు ఫారం 1042-ఎస్. అమెరికా నివాసి కాని మనిషికి ఇచ్చిన డబ్బు, దాంట్లో పట్టుకున్న పన్ను అందులో ఉంటాయి. అమెరికా వాళ్లకిచ్చే డబ్ల్యూ-2జీ వేరు, అది మీకు పనికిరాదు. 1042-ఎస్ చేతికి రాగానే అక్కడే నిలబడి నాలుగు గడులు చూడండి. 1వ గడిలో 28 ఉండాలి, జూదపు గెలుపుకు కోడ్ అదే. 2వ గడిలో మొత్తం గెలుపు, అంటే 5,000. 3బీలో రేటు 30. 7ఏలో పట్టుకున్న పన్ను, 1,500. వీటిలో ఏది తప్పున్నా అప్పుడే దిద్దించుకోండి. ఇండియా వచ్చాక కాసినో పన్నుల విభాగంతో ఈమెయిళ్లు నడపడం నెలల పని.

చాలా కాసినోలు ఈ ఫారాన్ని డబ్బు ఇచ్చేటప్పుడే ముద్రించి ఇస్తాయి. కొన్ని ఇవ్వవు, మరుసటి ఏడాది మార్చి 15లోగా పోస్టులో పంపుతాయి. అప్పటికి మీరు ఊళ్లో ఉంటారు. అందుకని "ఇప్పుడే ఇవ్వండి" అని అడగండి. కుదరదంటే జాక్‌పాట్ చెల్లింపు రసీదు తప్పకుండా తీసుకోండి. తేదీ, మొత్తం, పట్టుకున్న పన్ను, మీ పేరు దాంట్లో ఉండాలి. ఫారం పంపాల్సిన చిరునామాగా ఏది ఇవ్వాలో కూడా ఆలోచించండి. కొడుకు ఇంటి చిరునామా ఇస్తే కవరు పోకుండా చేరుతుంది, కానీ అమెరికా చిరునామా ఇచ్చి అక్కడి పన్ను నంబరు ఇవ్వకపోతే మిమ్మల్ని స్థానికులుగా లెక్కేసి వేరే పద్ధతిలో, వేరే ఫారం మీద 24 శాతం పట్టే ప్రమాదం ఉంది. నివాస దేశం ఇండియా అని స్పష్టంగా చెప్పండి, శాశ్వత చిరునామా ఊరిదే ఇవ్వండి, కవరు ఎక్కడికి పంపాలో వేరుగా రాయించండి.

పేరు దగ్గర మన ప్రాంతం వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒడిశాలో తీసిన పాన్ కార్డుల మీద వకారం బకారం అయిపోతుంది. శ్రీనివాసరావు "శ్రీనిబాస్" అవుతాడు, వెంకట్ "బెంకట్" అవుతాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. కాసినో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాస్తుంది. అందువల్ల 1042-ఎస్ మీద పేరు, పాన్ మీద పేరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. క్రెడిట్ (అక్కడి పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించడం) అడిగేటప్పుడు పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా, అమెరికాలో దిగినప్పటి ముద్ర ఉంటే ఆ పేజీ కూడా కలిపి జత చేస్తే ఇద్దరూ ఒకరేనని చూపించినట్టవుతుంది. వీలైతే పాన్‌లో పేరు ముందే సరిచేయించుకోండి.

ఇంకో మాట, మొహమాటం లేకుండా. గెలుపు మెషిన్ ఆడినవాళ్లది. "నాన్నకైతే 30 శాతం కోస్తారు, నా సోషల్ సెక్యూరిటీ నంబరుతో నేను తీసుకుంటా" అని కొడుకు ముందుకొస్తే అది తెలివి కాదు, తప్పుడు ప్రకటన. మీట ఎవరు నొక్కారో కాసినో కెమెరాల్లో ఉంటుంది.

అన్ని ఆటలకూ కోత ఉండదు. బ్లాక్‌జాక్, బాకరా, క్రాప్స్, రూలెట్, బిగ్-6 చక్రం ఆడిన విదేశీయుల గెలుపు మీద అమెరికా చట్టం పన్ను వేయదు. వీటి మీద పొరపాటున పట్టుకుంటే, ఇండియా వాళ్లకు కూడా అమెరికాలోనే 1040-ఎన్ఆర్ (అక్కడి నివాసి కానివాళ్లు వేసే) రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునే హక్కు ఉంది. ఆ పొరపాటు కోతకు ఇండియాలో క్రెడిట్ అడగడం సరికాదు. ఒప్పందం ప్రకారం కట్టాల్సిన పన్నుకే ఇక్కడ క్రెడిట్. ఇక కోత లేని ఆటలో గెలిచారంటే సంతోషమే, కానీ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి ఇక్కడ 31.2 శాతం మొత్తం కట్టాల్సిందే. సింగపూర్, మకావు కాసినోల గెలుపు సంగతీ అంతే.

ఇక్కడ పన్ను ఎలా లెక్కేస్తారు

ఇండియాలో పన్ను నివాసి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. లాటరీ, పేకాట, పందెం గెలుపుల మీద 115బీబీ సెక్షన్ కింద నేరుగా 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌ఛార్జి అదనం. "కొత్త రెజీమ్‌లో 12 లక్షల దాకా పన్ను లేదు కదా" అనుకునే పింఛనుదారులు ఇక్కడే బోల్తా పడుతున్నారు. ఆ 87ఏ రిబేటు ఈ రకం ఆదాయానికి రాదు. వేరే ఆదాయం అసలు లేకపోయినా కనీస మినహాయింపు పరిమితి ఈ గెలుపుకు వర్తించదు. అదే రాత్రి పక్క మెషిన్‌లో పోగొట్టుకున్న 2,000 డాలర్లూ, విమాన టికెట్టూ తీసేయడానికి వీల్లేదు, 58(4) సెక్షన్ ఒప్పుకోదు.

అన్నిటికన్నా ఎక్కువ జరిగే తప్పు చేతికొచ్చిన 3,500 చూపించడం. చూపించాల్సింది 5,000. పన్ను పట్టిన 1,500 కూడా మీ ఆదాయమే, అందుకే దానికి క్రెడిట్ అడుగుతున్నారు.

డాలర్లను రూపాయల్లోకి మార్చడంలో రెండు వేర్వేరు తేదీలున్నాయి. అలవాటున్న సీఏలు కూడా దీన్ని కలిపేస్తుంటారు. ఆదాయానికి 115వ రూలు ప్రకారం ఆ ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజున, అంటే మార్చి 31న, స్టేట్ బ్యాంక్ టీటీ బయింగ్ రేటు (బయటి నుంచి వచ్చిన డాలర్లను బ్యాంకు కొనే రేటు). అంతకుముందే ఆ డబ్బు పద్ధతి ప్రకారం ఇండియాకు తెచ్చి ఉంటే ఆ మేరకు ఈ రేటు వర్తించదు, బ్యాంకు మార్చి ఇచ్చినదే లెక్క. పన్ను క్రెడిట్‌కు 128వ రూలు ప్రకారం పన్ను పట్టిన నెలకు ముందు నెల ఆఖరి రోజున ఉన్న టీటీ బయింగ్ రేటు. అక్టోబరు 12న జాక్‌పాట్ కొడితే సెప్టెంబరు 30 రేటు. స్టేట్ బ్యాంక్ రోజూ ఇచ్చే రేట్ల పట్టికను ఆ రెండు తేదీలకూ దించుకుని దాచండి. తర్వాత వెతికితే పాతవి దొరకడం కష్టం.

లెక్క చూద్దాం. రేట్లు ఊహించుకున్నవే. మార్చి 31న డాలరు 85 రూపాయలు, సెప్టెంబరు 30న 84, డబ్బు అప్పటికి ఇండియాకు రాలేదు అనుకోండి. ఆదాయం 5,000 గుణించు 85, అంటే 4,25,000. ఇక్కడి పన్ను 31.2 శాతం, అంటే 1,32,600. అక్కడ పట్టిన 1,500 డాలర్లు 84 చొప్పున 1,26,000. రెండింట్లో తక్కువైనది క్రెడిట్, అంటే 1,26,000. మీరు కట్టాల్సింది 6,600 రూపాయలు. క్రెడిట్ అడగకపోతే 1,32,600 మొత్తం కట్టాలి. ఒకవేళ రేట్ల తేడా వల్ల అక్కడి పన్ను ఇక్కడి పన్నును దాటితే ఆ పైమొత్తం పోయినట్టే. రీఫండ్ రాదు, వచ్చే ఏడాదికి జమ కాదు, పింఛను మీద పన్నుకూ సర్దరు. ఒక్కో దేశానికీ, ఒక్కో రకం ఆదాయానికీ క్రెడిట్ విడివిడిగా లెక్కేయాలి.

అట్లాంటిక్ సిటీ లాంటి చోట్ల రాష్ట్రం కూడా తన వాటా పట్టుకోవచ్చు. లాస్ వేగస్ ఉన్న నెవాడాలో ఆ గొడవ లేదు, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఒప్పందం అమెరికా ఫెడరల్ పన్నుకే వర్తిస్తుంది కాబట్టి, రాష్ట్ర పన్నును పై లెక్కలో కలపకండి.

ఫారం 67, తర్వాతే రిటర్ను

వరుస తప్పకూడదు. ముందు ఫారం 67 (విదేశంలో కట్టిన పన్నుకు క్రెడిట్ అడిగే ఫారం) పెట్టండి, దాని అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చాకే రిటర్ను వేయండి. 2022లో మారిన రూలు ప్రకారం ఫారం 67కు అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిసేదాకా గడువుంది. అయినా రిటర్ను ముందు వెళ్లిపోతే కంప్యూటర్‌కు ఫారం కనబడక క్రెడిట్ కొట్టేస్తుంది, తర్వాత దిద్దుబాటు కోసం తిరగాలి.

ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయి, ఈ-ఫైల్ కింద ఇన్‌కమ్ టాక్స్ ఫామ్స్, అందులో ఫైల్ ఇన్‌కమ్ టాక్స్ ఫామ్స్ తెరవండి. ఆదాయ మార్గంతో సంబంధం లేనివాళ్ల కోసం ఉన్న మూడో ట్యాబ్‌లో ఫారం 67 ఉంటుంది. అసెస్‌మెంట్ సంవత్సరం సరిగ్గా ఎంచుకోండి: 2025 అక్టోబరులో గెలిస్తే అది 2026-27. పార్ట్ ఏలో దేశం, ఆదాయ రకం, రూపాయల్లో ఆదాయం, అక్కడ కట్టిన పన్ను, దాని రేటు, ఇక్కడ కట్టాల్సిన పన్ను, ఒప్పందపు ఆర్టికల్, అడుగుతున్న క్రెడిట్ నింపాలి. ఇక్కడి పన్ను గడిలో సెస్‌తో కలిపి 31.2 శాతం వేయండి. ఉత్త 30 వేసి, రిటర్నులో 31.2 వేస్తే రెండూ పొంతన కుదరవు. పార్ట్ బీ నష్టాలను వెనక్కి సర్దుకున్న కేసులకూ, వివాదంలో ఉన్న పన్నుకూ సంబంధించింది, మీకు అక్కర్లేదు. చివర 1042-ఎస్, పన్ను పట్టిన రుజువు జత చేసి, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు అమెరికా ప్రయాణంలో రీఛార్జి లేక ఆగిపోయి ఉంటే ముందు దాన్ని బతికించుకోండి.

రిటర్ను ఐటీఆర్-2. వ్యాపారం ఉంటే ఐటీఆర్-3. బజారులో నెట్ సెంటర్ వాళ్లు పింఛనుదారులందరికీ ఐటీఆర్-1 కొట్టేస్తారు. లాటరీ, పందెం గెలుపు గానీ విదేశీ ఆదాయం గానీ ఉంటే అది చెల్లదు. ఇప్పటికే అలా వేసేసి ఉంటే గడువులోగా రివైజ్డ్ రిటర్నుగా ఐటీఆర్-2 వేయండి.

ఐటీఆర్-2లో గెలుపును ఇతర మార్గాల ఆదాయం చూపించే షెడ్యూల్ ఓఎస్‌లో 115బీబీ వరుసలో వేయండి. అదే షెడ్యూల్ చివర ఆ ఆదాయం ఏ తేదీల మధ్య వచ్చిందో అడిగే చిన్న పట్టిక ఉంటుంది, దాన్ని చాలామంది చూడకుండా దాటేస్తారు. అక్టోబరు గెలుపు సెప్టెంబరు 16 నుంచి డిసెంబరు 15 గడిలో పడాలి. మొదటి గడిలో పడితే అడ్వాన్స్ టాక్స్ ఆలస్యమని కంప్యూటర్ 234సీ సెక్షన్ కింద వడ్డీ వేస్తుంది. తర్వాత విదేశీ ఆదాయం చూపించే షెడ్యూల్ ఎఫ్ఎస్ఐ: దేశం అమెరికా, అక్కడి పన్ను నంబరు లేదు కాబట్టి పాస్‌పోర్టు నంబరు, ఆదాయ వర్గం ఇతర మార్గాలు, అక్కడ కట్టింది, ఇక్కడ కట్టాల్సింది, రెండింట్లో తక్కువైనది. అడుగుతున్న క్రెడిట్ చూపించే షెడ్యూల్ టీఆర్‌లో సెక్షన్ 90 (ఒప్పందం ఉన్న దేశాల పన్నుకు క్రెడిట్ ఇచ్చేది) కింద అదే మొత్తం. ఫారం 67లో 1,26,000 ఉంటే ఇక్కడా 1,26,000 ఉండాలి, రూపాయి తేడా రానివ్వకండి.

జనవరి నుంచి మార్చి మధ్య గెలిచినవాళ్లకు వేరే తలనొప్పి. అమెరికా పన్ను ఏడాది జనవరిలో మొదలవుతుంది, మనది ఏప్రిల్‌లో. 2026 ఫిబ్రవరిలో గెలిస్తే మనకు అది 2025-26 ఆదాయం, రిటర్ను గడువు 2026 జూలై 31. కాసినో పోస్టులో పంపే 1042-ఎస్‌కు మాత్రం గడువు 2027 మార్చి 15. ఫారం 67 ఆఖరి తేదీ 2027 మార్చి 31. మధ్యలో 16 రోజులే. దానికోసం కూర్చోకండి. 128వ రూలు ప్రకారం పన్ను కోసిన రుజువుతో పాటు మీరే సంతకం చేసిన స్టేట్‌మెంట్ ఇచ్చినా చెల్లుతుంది. చెల్లింపు రసీదు జాగ్రత్త చేయమన్నది ఇందుకే.

2026 ఏప్రిల్ 1 తర్వాతి గెలుపులకు 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, పైన చెప్పిన సెక్షన్ల నంబర్లు మారతాయి. పోర్టల్‌లో నంబరుతో కాకుండా "ఫారిన్ టాక్స్ క్రెడిట్" అన్న పేరుతో వెతకండి.

వేరే పరిస్థితుల్లో ఉన్నవాళ్లు

గంజాం తీరం నుంచి ఓడల మీద పనికెళ్లేవాళ్లు ఏడాదిలో 182 రోజుల కన్నా తక్కువ ఇండియాలో ఉండి ఎన్ఆర్ఐ అయితే, విదేశంలో గెలిచి అక్కడే తీసుకున్న డబ్బు మీద ఇక్కడ పన్ను లేదు. పన్ను లేనప్పుడు క్రెడిట్టూ లేదు. అమెరికా కోసిన 30 శాతమే ఆఖరు.

లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉద్యోగం చేస్తూ అక్కడ పన్ను కట్టే పిల్లలకు పాస్‌పోర్టు ఇండియాదైనా పర్వాలేదు, నివాసం ముఖ్యం. వాళ్లు అమెరికా నుంచే మొత్తం వెనక్కి తెచ్చుకోవచ్చు. 1040-ఎన్ఆర్ రిటర్నులో షెడ్యూల్ ఎన్ఈసీ 11వ వరుసలో గెలుపు వేసి, షెడ్యూల్ ఓఐలో ఒప్పందం పేరు రాసి, 1042-ఎస్ జత చేయాలి. అమెరికా పన్ను నంబరు లేకపోతే దాంతోపాటే ఆ నంబరు కోసం డబ్ల్యూ-7 దరఖాస్తు పెట్టాలి. అసలు పాస్‌పోర్టు పోస్టులో పంపకుండా, ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) గుర్తించిన సర్టిఫైయింగ్ ఏజెంటు దగ్గర చూపించుకోవడం మేలు. గడువు సాధారణంగా మూడేళ్లు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివే పిల్లలకు ఇండియా ఒప్పందం ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ ఈ గెలుపుకు పనికిరాదు.

ఇదంతా ఆ దేశానికి వెళ్లి, చట్టబద్ధమైన కాసినోలో ఆడినవాళ్ల సంగతి. ఇంట్లో కూర్చుని విదేశీ సైట్లలో ఆడటానికీ, లాటరీ టికెట్ల కోసం బయటికి డబ్బు పంపడానికీ ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. దానికి ఈ దారి లేదు.

డబ్బు తెచ్చుకోవడం, నోటీసు వస్తే చేయాల్సింది

10,000 డాలర్లు దాటిన నగదుతో బయల్దేరితే అమెరికా కస్టమ్స్‌కు చెప్పాలి. ఇండియాలో దిగేటప్పుడు నోట్లు 5,000 డాలర్లు గానీ, చెక్కులతో కలిపి 10,000 గానీ దాటితే కరెన్సీ డిక్లరేషన్ ఫారం నింపాలి. 2,000 డాలర్లకు మించినవి 180 రోజుల్లో బ్యాంకులో మార్చేయాలి. మార్చినప్పుడు ఇచ్చే ఎన్‌క్యాష్‌మెంట్ సర్టిఫికెట్ దాచండి, డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించాల్సింది అదే. కాసినో చెక్కు తీసుకోకుండా ఉంటే మంచిది. అమెరికా బ్యాంకు మీద రాసిన చెక్కును పర్లాకిమిడి శాఖలో వేస్తే వసూలుకు వారాలు పడుతుంది, ఛార్జీలు వేరే.

రిటర్ను ప్రాసెస్ అయ్యాక ఆదాయపు పన్ను శాఖ లెక్క చూసి పంపే 143(1) ఇంటిమేషన్‌లో సెక్షన్ 90 రిలీఫ్ గడి చూడండి. అక్కడ సున్నా ఉంటే కంగారుపడి డబ్బు కట్టేయకండి. మూడు చూడాలి: ఫారం 67 అదే అసెస్‌మెంట్ సంవత్సరానికి పెట్టారా, ఓటీపీతో ధ్రువీకరణ పూర్తయిందా, షెడ్యూల్ టీఆర్‌లో అంకె అదేనా. మూడూ సరిగ్గా ఉంటే పోర్టల్‌లోనే 154 సెక్షన్ కింద రెక్టిఫికేషన్ (దిద్దుబాటు దరఖాస్తు) పెట్టి, ఫారం 67 అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాయండి. ఫారం 67 రిటర్ను తర్వాత పెట్టినా అసెస్‌మెంట్ సంవత్సరం ముగియకముందే పెట్టి ఉంటే అదీ చెప్పండి, గడువులోనే ఉన్నారు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆర్డరు అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. బరంపురం ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఆ 30 రోజులు పోగొట్టుకోకండి.